శిష్యసంపద

పాఠ్యభాగ ఉద్దేశం

విద్య నేర్వడం ఒక ఎత్తు, నేర్చిన విద్యతో జీవనోపాధిని సమకూర్చుకోవడం మరొక ఎత్తు. చదువు ముగించి వృత్తిలోకి అడుగుపెట్టే యువతీయువకులను మొదట వేధించే ప్రశ్న ‘తమను నమ్మి వచ్చేవారెవరు?’ అన్నదే. వ్యాయామ శిక్షణ వృత్తిని ఉదాహరణగా తీసుకొని ఆ ప్రశ్నకు సమాధానాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఆరోగ్యమే మహాభాగ్యమన్న మాట తెలుగువారికి కొత్తది కాదు. ఒకప్పుడు దేహదారుఢ్యాన్ని కోరుకొనే యువకులు తాలింఖానాలకు వెళ్లేవారు. నేడు పట్టణాలలో ఎక్కడ చూసినా జిమ్‌లు కనిపిస్తున్నాయి. వాటితోపాటు ఒక్కొక్కరికి విడివిడిగా వ్యాయామం నేర్పే పర్సనల్ ట్రైనర్ వృత్తి కూడా వ్యాపించింది. శిక్షణ పొంది, ధ్రువపత్రం చేతబట్టుకొని ఈ రంగంలోకి వచ్చే యువకునికి విద్య ఉంటుంది, ఉత్సాహం ఉంటుంది. లేనిదల్లా శిక్షణార్థులే. నెల తిరిగేసరికి ఇంటి అద్దె చెల్లించాలి. ఇంట్లోవారు ‘ఇదీ ఒక ఉద్యోగమేనా?’ అన్నట్లు చూస్తుంటారు. ఆ స్థితిలో అతడు సాధారణంగా తన కండల ప్రదర్శనతోనే జనాన్ని ఆకర్షించాలని భావిస్తాడు.

అయితే ప్రేక్షకుడు వేరు, శిష్యుడు వేరు. కలియుగ భీమునిగా ప్రసిద్ధి పొందిన కోడి రామమూర్తి నాయుడు ఇనుప గొలుసులను తెంచడం, ఛాతీపై ఏనుగును నిలుపుకోవడం వంటి సాహసాలతో లోకాన్ని ఆశ్చర్యచకితం చేశారు. అటువంటి బలాన్ని చూసినవారు చప్పట్లు కొడతారు. కానీ మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేని మనిషి చూడదలచినది గురువు బలాన్ని కాదు. తన బాధ ఆ గురువుకు అర్థమైందా, లేదా అన్న విషయాన్ని. ఆ నమ్మకం కుదిరిన రోజునే అతడు శిష్యుడవుతాడు.

ఈ సత్యానికి యోగాచార్యులు బి.కె.ఎస్. అయ్యంగార్ జీవితం చక్కని నిదర్శనం. ఆయన 1918 డిసెంబరు 14న నేటి కర్ణాటకలోని బెళ్లూరులో జన్మించారు. బాల్యంలో మలేరియా, టైఫాయిడ్, క్షయ వంటి వ్యాధులు ఆయనను పీడించాయి. తొమ్మిదవ ఏట తండ్రిని కోల్పోయారు. 1934లో మైసూరులో ఉన్న బావగారు తిరుమల కృష్ణమాచార్యుల చెంతకు చేరి యోగాభ్యాసం ప్రారంభించారు. 1937లో గోఖలే అనే శస్త్రవైద్యుని చొరవతో పుణే నగరంలోని దక్కన్ జింఖానాలో ఆరు నెలలపాటు యోగం నేర్పే అవకాశం లభించింది. అప్పటికి ఆయన వయస్సు పద్దెనిమిదేళ్లు మాత్రమే.

పుణేలో ఆయనకు ఆత్మీయులు లేరు. మరాఠీ రాదు, ఆంగ్లం అంతంతమాత్రం. శిష్యులలో పలువురు వయస్సులో పెద్దవారు, దేహబలంలోనూ ఆయనను మించినవారు. బక్కపలుచని శరీరాన్ని, తలపై పిలకను చూసి నవ్వినవారూ ఉన్నారు. ఆరు నెలల ఒప్పందం పొడిగింపులతో కొంతకాలం సాగి ముగిసిపోయింది. ఆపై నిలకడైన ఆదాయం లేదు. అన్నం దొరకని రోజులలో టీతోను, కుళాయి నీళ్లతోను కడుపు నింపుకొన్నారు.

అంతటి దుస్థితిలోనూ ఆయన సాధనను విడిచిపెట్టలేదు. గంటల తరబడి అభ్యసించి, ఏ భంగిమలో ఏ కీలుపై ఎంత భారం పడుతుందో తన దేహంపైనే పరీక్షించి తెలుసుకొన్నారు. వంగలేనివారికి, వృద్ధులకు, రోగులకు సైతం ఆసనాలు సాధ్యం కావడానికి చెక్కదిమ్మెలు, పట్టీలు, తాళ్లు, కుర్చీలు ఉపయోగించే పద్ధతిని క్రమంగా రూపొందించారు. శిష్యుని శక్తికి అనుగుణంగా విద్యను మలచడమే ఈ పద్ధతిలోని విశేషం. మదనపల్లెలో జన్మించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి కూడా ఆయన వద్ద యోగం అభ్యసించారు.

1952లో ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ భారతదేశానికి వచ్చారు. బొంబాయిలో అయ్యంగార్‌కు ఆయన కేటాయించిన సమయం అయిదు నిమిషాలే. అలసిపోయి ఉన్న ఆ విద్వాంసునికి అయ్యంగార్ కష్టమైన ఆసనాలు చూపలేదు, విశ్రాంతిని ఇచ్చారు. మెనూహిన్ గాఢనిద్రలోకి జారుకొన్నారు. అయిదు నిమిషాల సమావేశం గంటల తరబడి సాగింది. 1954లో మెనూహిన్ ఆయనను స్విట్జర్లాండుకు ఆహ్వానించారు. ఆ తరువాత ఎనభై ఏళ్లు దాటిన బెల్జియం రాజమాత ఎలిజబెత్ సైతం ఆయనకు శిష్యురాలైంది. 1966లో వెలువడిన ‘లైట్ ఆన్ యోగా’ గ్రంథానికి మెనూహిన్ ముందుమాట రాశారు. 1975లో పుణేలో అయ్యంగార్ యోగ సంస్థ ప్రారంభమైంది. 2014లో పద్మవిభూషణ్ పురస్కారం పొందిన ఆయన అదే ఏడాది ఆగస్టు 20న పరమపదించారు. పుణే చేరిన నాటికి, మెనూహిన్ పరిచయమైన నాటికి నడుమ పదిహేనేళ్లు గడిచాయన్నది గమనించదగిన విషయం. ఆ అయిదు నిమిషాలను సద్వినియోగం చేసుకొనే శక్తి ఆ పదిహేనేళ్ల కృషి వల్ల వచ్చినదే.

నేటి శిక్షకుడు అంతటి కీర్తిని ఆశించనవసరం లేదు. అతనికి కావలసిన శిక్షణార్థుల సంఖ్య నిజానికి చాలా స్వల్పం. ఉద్యోగులు, గృహిణులు ఉదయం నాలుగు గంటలు, సాయంత్రం మూడు గంటలు మాత్రమే వ్యాయామానికి అనువుగా భావిస్తారనుకొంటే రోజుకు ఏడు గంటల పని దొరుకుతుంది. వారానికి ఆరు రోజులకు నలభై రెండు గంటలు. ఒక్కొక్కరు వారానికి మూడు గంటల చొప్పున వస్తే పద్నాలుగు మందితో అతని కాలమంతా నిండిపోతుంది. అందువల్ల వందలమందిని ఆకర్షించడం కంటే పద్నాలుగు మందిని నిలుపుకోవడమే ముఖ్యం. అందులో ఒక్కరు మానుకొన్నా ఆదాయంలో పద్నాలుగో వంతు తగ్గిపోతుంది.

నిలుపుకోవడం తొలి సంభాషణతోనే ఆరంభమవుతుంది. వచ్చినవారి పూర్వపు జబ్బులు, వాడే మందులు, తగిలిన దెబ్బలు, నిద్ర, పని వేళలు అడిగి తెలుసుకోవాలి. గుండెజబ్బు, అధిక రక్తపోటు వంటివి ఉన్నవారిని వైద్యుని సలహా తీసుకొన్న తరువాతే చేర్చుకోవాలి. వయోజనులకు వారానికి 150 నుండి 300 నిమిషాల మితమైన వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాలను బలపరచే వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఏనాడూ వ్యాయామం ఎరుగని వ్యక్తిని తొలివారమే ఆ మేరకు శ్రమపెట్టరాదు. పది నిమిషాల నడకతో మొదలుపెట్టి మెల్లమెల్లగా పెంచాలి. ఎవరెంత చేశారో ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. నెల తరువాత ‘ఆయాసం లేకుండా రెండంతస్తులు ఎక్కగలుగుతున్నాను’ అని శిక్షణార్థి తన ఇంటివారితో చెప్పుకొనే మాటకు మించిన ప్రకటన లేదు. ఆ మాట విని ముందు తోడబుట్టినవారు, ఆపై ఇరుగుపొరుగువారు వస్తారు. ఇంట గెలిచి రచ్చ గెలవడమంటే ఇదే.

రుసుము ఎంతో ముందుగానే చెప్పడం, చెప్పిన వేళకు హాజరు కావడం, భంగిమ సరిదిద్దేటప్పుడు అనుమతి లేనిదే దేహాన్ని తాకకపోవడం, ఒకరి బలహీనతలను మరొకరి వద్ద ప్రస్తావించకపోవడం శిక్షకుడు పాటించవలసిన నియమాలు.

ఈ వృత్తిలో కఠినమైన పరీక్ష ఒకటుంది. చేతిలో డబ్బు లేని నెలలోనే ఎవరో ఒకరు వచ్చి, ‘పెళ్లికి ఇరవై రోజులే ఉంది, పది కిలోలు తగ్గించగలరా?’ అని అడుగుతారు. మరొకరు త్వరగా కండలు పెరగడానికి స్టెరాయిడ్లు ఇప్పించమంటారు. గుండెకు, కాలేయానికి హాని చేసే ఆ మందులకు ఒప్పుకొంటే డబ్బు వస్తుంది. కాదంటే వచ్చిన మనిషి మరొకచోటికి వెళ్లిపోవచ్చు. అయినా కాదనడమే శిక్షకుని ధర్మం. శిక్షణార్థి అతనికి అప్పగించేది నెల రుసుమును మాత్రమే కాదు, తన శరీరాన్ని. పోయిన ఆదాయాన్ని మళ్లీ సంపాదించవచ్చు. చెడిన ఆరోగ్యాన్ని తిరిగి తెచ్చి ఇవ్వడం ఏ శిక్షకునికీ సాధ్యం కాదు.

శిష్యసంపద ఒక్కనాటిలో సమకూరేది కాదు. తొలి శిక్షణార్థిని శ్రద్ధగా చూసుకొన్నవానికే రెండవవాడు లభిస్తాడు. వైద్యుడైనా, న్యాయవాదియైనా, దర్జీయైనా, ఏ వృత్తిలో అడుగుపెట్టే యువకులకైనా ఈ సూత్రం వర్తిస్తుంది.

అభ్యాసం

1. ‘ప్రేక్షకుడు వేరు, శిష్యుడు వేరు’ అన్న వాక్యాన్ని సోదాహరణంగా వివరించండి.
2. పుణేలో అయ్యంగార్ ఎదుర్కొన్న కష్టాలను, వాటిని అధిగమించిన తీరును తెలపండి.
3. శిక్షకునికి పద్నాలుగు మంది శిక్షణార్థులు చాలునని ఎలా చెప్పవచ్చు?
4. ఆదాయానికి, ధర్మానికి నడుమ ఘర్షణ ఏర్పడినపుడు శిక్షకుడు ఏమి చేయాలి? మీ అభిప్రాయాన్ని రాయండి.