మందుల షాపుకి వెళ్లే ముందు ఒక మాట

చిరంజీవి కిరణ్‌కు మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో తడబడుతూ నువ్వు చెప్పింది అర్థమైంది. పెళ్లయి ఏడాది తిరక్కముందే మగతనం పోయిందని కుమిలిపోతున్నావు. పోలేదు నాన్నా. నీ ఒళ్లు నిద్ర అడుగుతోంది.

రాత్రి షిఫ్టు చేసి పగలు నాలుగైదు గంటలు పడుకుంటే చాలనుకుంటున్నావు. కోరికను నిలిపే టెస్టోస్టిరాన్ అనే హార్మోను ఎక్కువగా నిద్రలోనే ఊరుతుంది. ఆరోగ్యంగా ఉన్న 10 మంది కుర్రాళ్లను షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు వారం పాటు రాత్రికి 5 గంటలే పడుకోనిచ్చి చూశారు. పగటిపూట వాళ్ల హార్మోను 10 నుంచి 15 శాతం పడిపోయిందని 2011లో ప్రకటించారు. వయసు వల్ల అంత తగ్గాలంటే ఏళ్లు పడతాయి.

కలలొచ్చే నిద్రలో మగవాడికి తనంతట తానే అంగస్తంభన కలుగుతుంది. నిద్ర లేచేసరికి అప్పుడప్పుడైనా అది కనిపిస్తుంటే నరాలు, రక్తనాళాలు చాలావరకు బాగానే ఉన్నట్టు. ఒకసారి గమనించు.

ఇక నువ్వు వెళ్లే శనివారం పార్టీల సంగతి. అంగం గట్టిపడాలంటే నాళాలు వదులై రక్తం నిండాలి. కొకైన్, ఎక్స్‌టసీ మనసుకు ఊపునిచ్చినా ఆ నాళాలను బిగిస్తాయి. గంజాయి అందరిలో ఒకేలా పనిచేయదు గానీ, దాంతో కలిపి కాల్చే పొగాకు మాత్రం నాళాలను పాడుచేస్తుంది. ఎక్కువసేపు ఆగడానికని స్నేహితులిచ్చే ట్రమడాల్ నల్లమందు జాతిది. వాడుతూ పోతే వృషణాలకు మెదడు పంపే ఆజ్ఞలే సన్నగిల్లుతాయి. అలవాటైపోయి ఉంటే ఉన్నపళంగా మానకు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రా.

వయాగ్రా లాంటి మాత్రలు నీ అంతట నువ్వు కొని మింగకు. గుండెనొప్పికి వాడే నైట్రేట్లతోగానీ, పార్టీల్లో పీల్చే పాపర్స్‌తోగానీ కలిస్తే బీపీ ప్రాణం మీదికొచ్చేంతగా పడిపోతుంది.

రోజుకు 7 గంటలకు తగ్గకుండా పడుకో. పగలైతే గది చీకటి చేసుకుని ఫోను పక్కన పెట్టు. పార్టీ సరుకు జోలికి పోకు. వల్లకాకపోతే 14446కి ఫోన్ చెయ్యి, అది వ్యసనాలు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్. కొన్ని వారాలైనా మార్పు లేకపోతే యూరాలజిస్టుని కలువు. ఏమేం వాడావో దాచకుండా చెప్పు. షుగరు, బీపీ పరీక్షలు చేయించుకో. గుండెజబ్బు కొందరిలో ముందుగా ఇలాగే బయటపడుతుంది.

నీ భార్యకు కూడా ఉన్నదున్నట్టు చెప్పు. తనలోనే ఏదో లోపం ఉందని ఆ పిల్ల బాధపడనివ్వకు. డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్లండి.

మీ మావయ్య