నిత్యజీవనంలో కళాదృష్టి : ముగ్గు, మగ్గం

వాత్స్యాయనుడు కామసూత్రంలో పేర్కొన్న 64 కళలలో ఆలేఖ్యంతోపాటు తండులకుసుమబలివికారం, అనగా బియ్యంతోను పూలతోను ముగ్గులు తీర్చడం, కుట్టుపని, వడ్రంగం కూడ చేరి ఉన్నాయి. లలితకళ, ఉపయోగకళ అను విభజన ఆ పట్టికలో కానరాదు. యశోధరుడు జయమంగళావ్యాఖ్యలో చిత్రానికి చెప్పిన ఆరంగాలలో ప్రమాణం ఒకటి. చేవెళ్ల ప్రాంతంలోని ఆలూరు వంటి పల్లెలలో వాకిట చుక్కల లెక్క తప్పితే ముగ్గు కలవదు. పోచంపల్లిలో నేతకు ముందే నూలును కట్టి రంగులో ముంచుతారు. అక్కడ కొలత తప్పితే మగ్గంపై చిత్రం చెదరిపోతుంది. ఈ రెండింటను అందం, పనితనం వేరుకావు. కళను వేడుకలకే పరిమితం చేసినచో పనివాని వివేకం కూలిలెక్కలో మరుగునపడుతుంది. దానిని గుర్తించు చూపు అలవడినవారికి వాకిలి, కట్టుబట్ట సైతం నిత్యపాఠాలే.