లేని లోకానికి కైఫీయతు

నలభై ఏళ్లుగా ఒకే జాతి చరిత్ర రాస్తున్నాను. ఆ జాతి ఎక్కడా లేదు, ఎన్నడూ లేదు. నక్షత్రాల మధ్య రాకపోకలు సాగించి, ఏడు సూర్యుల వెలుగులో ఊళ్లు కట్టుకుని, చివరికి జాడ లేకుండా పోయినవాళ్లని నేనే ఊహించుకున్నాను. వాళ్ల మీద మూడు నవలలు, పదిహేను దాకా కథలు రాశాను. ఇప్పుడు నాకు డెబ్బై మూడేళ్లు. సైన్స్ ఫిక్షన్ రాయాలన్న ఉత్సాహంతో ఇంటికి వచ్చే పిల్లలు తరచుగా ఒకే మాట అడుగుతారు: ఇలాంటి జాతికి చరిత్ర కల్పించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. వీటిలో చాలావరకు తప్పు చేశాకే తెలిశాయి.

1. రాజుల వరసతో మొదలుపెట్టకండి.

మొదటి నవల మొదలుపెట్టే ముందు రెండేళ్లు కూర్చుని వంశావళి రాశాను. నలభై వేల ఏళ్ల చరిత్ర, పదకొండు వంశాలు, ఎవరు ఎవరిని గెలిచారు, ఏ గ్రహం ఎప్పుడు ఎవరి చేతికి వచ్చింది, అన్నీ ఒక పొడుగాటి లెక్కల పుస్తకంలో గళ్లు గీసి నింపాను. రోమన్ సామ్రాజ్య పతనం మీద గిబ్బన్ రాసిన చరిత్ర చదివిన ప్రభావంతో ఐజాక్ అసిమోవ్ 'ఫౌండేషన్' కథలు రాశాడని తెలిసి, నేనూ ఆ దారినే వెళ్తున్నాననుకున్నాను. అసిమోవ్ ఆ చరిత్ర నుంచి తీసుకున్నది ఒక ప్రశ్న: ఇంత పెద్దది ఎలా కూలింది, కూలుతుంటే లోపల ఉన్నవాళ్లకు తెలిసిందా? నేను తీసుకున్నది ఆ చరిత్రకున్న పొడుగు మాత్రమే. రాతప్రతి చదివిన ఒక పెద్దాయన, ఎన్నో ఏళ్లు పత్రికలో పనిచేసినవాడు, నూట పన్నెండో పేజీ పక్కన పెన్సిల్‌తో ఒక వాక్యం రాసి పంపాడు: "ఇంతవరకు ఇందులో ఒక్కరైనా అన్నం తిన్నారా?" నాకు కోపం వచ్చింది. దిద్దకుండానే అచ్చు వేయించాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. పెన్సిల్ గీత వెలిసిపోయింది గాని చదవడానికి వస్తుంది.

2. చెప్పదలచుకున్నది మిగలదు, పద్దు మిగులుతుంది.

నా రెండో నవలలో తవ్వకందారులకు బంగారు రేకులు దొరుకుతాయి. వాటి మీద ఆ జాతి తన జ్ఞానసారమంతా రాబోయేవాళ్ల కోసం చెక్కి పెట్టి ఉంటుంది. నిజంగా పోయిన నాగరికతలు ఇలా చేయలేదు. గ్రీసు దేశంలోనూ క్రీటు ద్వీపంలోనూ దొరికిన మట్టిపలకల మీది లిపిని, లీనియర్ బి అంటారు దాన్ని, మైకేల్ వెంట్రిస్ 1952లో ఛేదించాడు. వీరగాథలు బయటపడతాయని ఎదురుచూసినవాళ్లు ఉండే ఉంటారు. బయటపడింది గొర్రెల లెక్క, ఉన్ని లెక్క, నూనె లెక్క, ఎవరికి ఎంత కొలిచి ఇచ్చారన్న లెక్క. ఆ పలకలను దాచిపెట్టాలని కూడా ఎవరూ అనుకోలేదు. అవి పచ్చి మట్టివి. రాజభవనాలు తగలబడినప్పుడు ఆ మంటల్లో కాలి గట్టిపడ్డాయి కాబట్టి మనదాకా వచ్చాయి. ఊరిని కాల్చిన నిప్పే ఊరి లెక్కను కాపాడింది.

ఈ సంగతి తెలిశాక బంగారు రేకుల మీద నాకు విరక్తి పుట్టింది. మూడో నవలలో ఒక నౌక తాలూకు నీళ్ల పద్దు మాత్రమే దొరికేలా రాశాను. నాలుగో నౌక, నీళ్లు ముప్పై రోజులకు, జనం యాభై ఇద్దరు. దాని కింద మరో రోజు పద్దు: నీళ్లు ఇరవై తొమ్మిది రోజులకు, జనం యాభై ఇద్దరు. ఆ కింద: నీళ్లు ఇరవై తొమ్మిది రోజులకు, జనం యాభై ఒక్కరు. అంతకుమించి ఏమీ రాయలేదు. నేను రాసిన అన్ని వేల పేజీల్లోనూ పాఠకులు గుర్తుపెట్టుకుని ఉత్తరాలు రాసింది ఈ మూడు వరసల గురించే.

3. ఏది ఎన్నాళ్లు నిలుస్తుందో లెక్క వేయండి.

వానలు పడే, నదులు పారే ఒక గ్రహం మీద ఇరవై లక్షల ఏళ్లపాటు గాజు నగరాన్ని చెక్కుచెదరకుండా నిలబెట్టాను. ఇంజనీరింగు చదివే ఒక కుర్రవాడు కార్డు రాశాడు: "అయ్యా, మా ఊరి కల్వర్టు ముప్పై ఏళ్లు ఆగలేదు." అతను చెప్పింది నిజం. గావిన్ ష్మిట్, ఆడమ్ ఫ్రాంక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2018లో ఒక వ్యాసం రాశారు. మనకు లక్షల, కోట్ల ఏళ్ల ముందు భూమి మీద మరో పారిశ్రామిక నాగరికత ఉండి ఉంటే దాన్ని గుర్తుపట్టగలమా అన్నది వాళ్ల ప్రశ్న. భవనాలు, యంత్రాలు మిగలవు. మిగిలితే అవక్షేపాల్లో ఒక పలుచని పొర మిగలాలి. అందులో కార్బన్ ఐసోటోపుల నిష్పత్తి మారి ఉండాలి, సహజంగా తయారవని పదార్థాల ఆనవాళ్లు ఉండాలి. ఒక మహానగరం చివరికి బండరాతిలో గీతంత అవుతుంది.

అదే గాలి లేని చోట కథ వేరు. చంద్రుడి మీద మనుషుల కాలిముద్రలను చెరపడానికి గాలీ లేదు, వానా లేదు. భూమికి నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తులో తిరిగే వస్తువును ఎవరూ పట్టించుకోకపోతే కొన్నేళ్లలో కిందపడి కాలిపోతుంది. ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్నది లక్షల ఏళ్లు తిరుగుతూనే ఉంటుంది. 1976లో అమెరికా లేజియోస్ అనే ఒక గోళాన్ని పంపింది. వ్యాసం అరవై సెంటీమీటర్లు, ఒళ్లంతా అద్దాలు. అది 84 లక్షల ఏళ్ల తరవాత గాని కిందపడదని అంచనా వేసి, లోపల ఒక రేకు పెట్టారు. ఖండాలు పూర్వం ఎలా ఉండేవో, ఇప్పుడెలా ఉన్నాయో, అది పడేనాటికి ఎలా ఉంటాయో ఆ రేకు మీద గీసి ఉంది. అంతరిక్షంలోకి పంపిన వాయేజర్ నౌకల మీది బంగారు పూత గ్రామఫోను పళ్లేనికి కప్పిన మూత మీద కాస్త యురేనియం అద్దారు. అది ఎంత తరిగిందో కొలిస్తే నౌక ఎన్నేళ్ల కిందట బయలుదేరిందో దొరికినవాళ్లకు తెలుస్తుంది. ఆ పళ్లెంలో యాభై అయిదు భాషల్లో పలకరింపులు ఉన్నాయి. వాటిలో తెలుగు ఒకటి. రేపు మనమే లుప్త నాగరికత అయితే మన భాషలో మిగిలే మాటల్లో అదొకటి కావచ్చు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మీ జాతి ఆనవాళ్లను పచ్చని గ్రహాల మీద వెతికించకండి. వాటికి గాలి లేని ఉపగ్రహాలే చోటు.

4. దూరానికి విలువ ఇవ్వండి.

వాయేజర్-1 సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. సూర్యుడి తరవాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరం. అదే వేగంతో అక్కడికి పోవాలంటే దాదాపు 75 వేల ఏళ్లు పడుతుంది. నా మొదటి నవలలో చక్రవర్తి ఆజ్ఞ ఉదయం బయలుదేరి సాయంత్రానికి మరో సూర్యుడి దగ్గర అమలవుతుంది. అలా రాయడంవల్ల ఆ నాగరికత ఎందుకు పోయిందో చెప్పలేకపోయాను. కారణం కోసం ఒక క్రూరజాతిని తెచ్చి దండెత్తించాల్సి వచ్చింది. కబురు చేరడానికే ఒక తరం పడుతుందని ఒప్పుకుని ఉంటే పతనానికి కారణం వెతికే పనే ఉండేది కాదు. కబుర్లు తగ్గుతాయి, నౌకలు తగ్గుతాయి, ఒక ఏడు రావాల్సిన నౌక రాదు.

గ్రీన్‌లాండులో నార్స్ జనం పదో శతాబ్దం చివర్లో ఊళ్లు కట్టుకుని నాలుగైదు వందల ఏళ్లు బతికారు. వాళ్ల గురించి రాతపూర్వకంగా దొరికే ఆఖరి కబురు 1408 సెప్టెంబరులో హ్వాల్సీ చర్చిలో జరిగిన ఒక పెళ్లి. ఆ జంట తరవాత ఐస్‌లాండు వెళ్లి స్థిరపడింది. పెళ్లి సక్రమంగానే జరిగిందని సాక్షులు చెప్పిన కాగితాలు మిగిలాయి కాబట్టి మనకీ సంగతి తెలుసు. ఆ తరవాత ఆ ఊళ్ల నుంచి అక్షరం ముక్క లేదు. చర్చి రాతిగోడలు ఇంకా నిలబడే ఉన్నాయి. ఒక లోకం నుంచి వచ్చిన చివరి కబురు యుద్ధం కాదు, పెళ్లి. ఈ ఒక్క సంగతి ముప్పై ఏళ్ల ముందు తెలిసి ఉంటే నా మొదటి నవల ముగింపు వేరుగా ఉండేది.

5. పాడుచేసింది పగవాడే కానక్కర్లేదు.

అమరావతి స్తూపం సంగతి మనందరికీ తెలిసిందే. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చేనాటికి, కొత్త పట్టణం కడుతున్నవాళ్లు ఇటుకల కోసం, రాళ్ల కోసం ఆ దిబ్బను తవ్వుతున్నారు. చెక్కిన పలకలు కొన్ని కట్టడాల్లోకి పోయాయి, కొన్ని బట్టీలో కాలి సున్నమయ్యాయి. మిగిలినవాటిలో చాలా భాగం లండన్‌లోనూ చెన్నైలోనూ ఉంది. తవ్వినవాళ్లకు బుద్ధుడి మీద పగ లేదు. ఇల్లు కట్టుకోవడానికి సున్నం కావాలి, దగ్గర్లో మంచి రాయి ఉంది. మీ జాతి నౌకల రేకులు ఎవరో పశువుల కొట్టానికి కప్పుగా వేసుకుని ఉండాలి.

6. ఖాళీని మన కోరికే నింపుతుంది.

ఇటలీ ఖగోళవేత్త స్కియాపరెల్లి 1877లో అంగారకుడి మీద గీతలు చూసి వాటిని కాలువలన్నాడు. ఆయన వాడిన ఇటాలియన్ మాటకు సహజమైన పాయలన్న అర్థమూ ఉంది. అమెరికాలో పర్సివల్ లోవెల్ ఆ మాటను పట్టుకుని, ఎండిపోతున్న గ్రహాన్ని బతికించుకోవడానికి ధ్రువాల మంచునీళ్లను కాలువల్లో మళ్లించుకున్న ఒక పురాతన జాతిని నమ్మాడు. దానికోసం సొంత డబ్బుతో వేధశాల కట్టి ఏళ్ల తరబడి పటాలు గీశాడు. 1965 జులైలో మారినర్-4 నౌక దగ్గరినుంచి తీసిన బొమ్మల్లో కాలువలు లేవు, గుంతలు ఉన్నాయి. లోవెల్‌ను నేను గౌరవిస్తాను. ఆయన అబద్ధం చెప్పలేదు, చూడాలనుకున్నది చూశాడు. మీ కథలోని పరిశోధకుడికీ ఆ హక్కు ఇవ్వండి. నా పరిశోధకులు ఎన్నడూ పొరబడలేదు, అందుకే ఒక్కరికీ ప్రాణం రాలేదు.

7. ఒకే చరిత్రను నలుగురి నోట పలికించండి.

ఈ పాఠం మన ఇంట్లోనే ఉంది, నేను మాత్రం దూరాలు తిరిగి వచ్చాను. మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వాళ్ల సహాయకులూ ఊరూరా తిరిగి కైఫీయతులు సేకరించారు. ఊరు ఎలా పుట్టింది, పేరు ఎలా వచ్చింది, ఏ రాజు ఏ మాన్యం ఇచ్చాడు, చెరువు ఎప్పుడు తెగింది అన్న వివరాలను కరణాలు దండకవిలెలనే ఊరి పాత దస్తరాలు చూసి, పెద్దలు తమ జ్ఞాపకంలోంచి చెప్పారు. దేవుడు కలలో కనపడటమూ పన్ను ఎంత కట్టారన్నదీ ఒకే వాక్యంలో, ఒకే నమ్మకంతో వస్తాయి. పక్క ఊరివాళ్లు అదే సంగతిని వేరుగా చెబుతారు. మీ నక్షత్రజాతి వారసుల్లో ఒక ఊరు నౌకను అమ్మవారి రథమని చెప్పాలి, మరో ఊరు ధాన్యపు గాదె అని చెప్పాలి, మూడో ఊరు అసలు అలాంటిదేదీ రాలేదని కొట్టిపారేయాలి. ముగ్గురి మధ్యా పాఠకుణ్ని నిలబెట్టి మీరు పక్కకు తప్పుకోండి.

8. ఎవరికి పోయిందో తెలియకపోతే ఏది పోయినా ఒకటే.

మా ఊరు కృష్ణ మీద కట్టిన ఒక జలాశయం కింద ఉంది. ఎండలు ముదిరి నీళ్లు బాగా తగ్గిన ఏడాదిలో కొన్నాళ్లు బయటపడుతుంది. అలాంటి ఒక వేసవిలో మా నాన్నను అక్కడికి తీసుకెళ్లాను. ఆయనకప్పుడు ఎనభై దాటాయి. నేను రెండో నవల రాస్తున్నాను, బంగారు రేకుల నవల. సంచిలో నోటుపుస్తకం ఉంది.

నీళ్లు తీసిన నేల బీటలు వారి, ఎండుగుల్లలతో తెల్లగా ఉంది. గుడి గోడలు మొండిగా కనిపిస్తున్నాయి. నాన్న గుడివైపు చూడలేదు. మొండిగోడల మధ్య నుంచి తిన్నగా నడుచుకుంటూ వెళ్లి ఒకచోట ఆగాడు. అక్కడ గోడలు కూడా లేవు. నేలలో సగం కూరుకుపోయిన రోలు ఒకటి ఉంది. దాని గుంటలో ఒండ్రు పట్టి గట్టిపడింది. ఆయన వంగి వేలితో ఆ మట్టిని గీరి, చేత్తో తుడిచాడు. "మీ అమ్మ ఇక్కడ కూర్చునేది" అన్నాడు. తరవాత నాలుగడుగులు వెనక్కి వచ్చి, ఇంట్లోకి వెళ్లబోయేవాడిలా నిలబడి, చెప్పులు విడిచి, కుడికాలు జానెడు ఎత్తుకు లేపి ముందుకు వేశాడు. అక్కడ ఏమీ లేదు, చదునైన మట్టి. వెనక్కి తిరిగి నాతో అన్నాడు: "గడప చూసుకోరా."

నేను నోటుపుస్తకం తీసి పద్నాలుగో చక్రవర్తి పేరు గురించి ఏదో రాసుకుంటున్నాను. తల ఎత్తకుండా, చెప్పులతోనే, ఆ గడప మీదుగా నడిచి ఆయన దగ్గరికి వెళ్లాను.