కారణము లేని కార్యము కలదా?

అనకాపల్లి పట్టణమునకు సమీపమున శంకరమను గ్రామము కలదు. బౌద్ధ భిక్షువుల నివాసమునకు సంఘారామమని పేరు. ఆ మాటయే కాలక్రమమున శంకరమైనదని పండితుల అభిప్రాయము. అచ్చట బొజ్జన్నకొండ, లింగాలకొండ అను రెండు గుట్టలు కలవు. రాతిని తొలిచిన గుహలు, ఏకశిలాస్తూపములు, ఇటుకల కట్టడములు నేటికిని వానిపై కానవచ్చును. 1906లో ఆరంభమైన త్రవ్వకములవలన వీని ప్రాచీనత లోకమునకు వెల్లడియైనది.

ఆ ఆరామములయందు వసించిన భిక్షువుల ధర్మమునకు ప్రతీత్యసముత్పాదమను సిద్ధాంతము మూలాధారము. లోకమున ఏదియు తనంత తాను పుట్టదనియు, ఇతర కారణములను ఆశ్రయించియే పుట్టుననియు, ఆ కారణములు తొలగినచో అదియు తొలగుననియు దాని సారము. బుద్ధుడు దుఃఖమును విధివిలాసమని విడువక, దాని కారణమును విచారించెను. కారణము తెలిసిననే కదా నివారణోపాయము దొరకును!

న్యాయశాస్త్రజ్ఞులును కార్యకారణములను మిక్కిలి శ్రద్ధతో పరిశీలించిరి. ఒక కార్యమునకు ఒక్క కారణమే చాలదని వారు నిర్ణయించిరి. అనకాపల్లికి పేరు తెచ్చిన బెల్లమే ఇందుకు దృష్టాంతము. చెరకురసము లేనిదే బెల్లము లేదు. రసమున్నను, పెనము క్రింద మంట లేనిచో పాకము రాదు. మంటయున్నను, పాకమును దింపు తరుణమెఱిగిన పనివాడు లేనిచో దిమ్మ కుదురదు.

అయితే ఒకదాని వెంట మఱియొకటి జరిగినంతమాత్రమున మొదటిది రెండవదానికి కారణము కాజాలదు. కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలెను. ఆ క్షణముననే తాటిపండు రాలెను. కాకి రాకకు ఒక కారణము, పండు రాలుటకు వేఱొక కారణము. ఆ రెండును ఒక్కసారి సంభవించుటను మన పెద్దలు కాకతాళీయమనిరి.

కారణమెఱుగనిచోట మనస్సు కథ కల్పించును. భిక్షువులు పోయి కట్టడములు మఱుగుపడిన పిదప, బొజ్జన్నకొండ చరిత్రను జనులు మఱచిరి. కనుమపండుగనాడు అచ్చటికి వచ్చువారు బొజ్జవలెనున్న ఒక ఆకృతిని రాక్షసుని ఉదరమని తలచి రాళ్లు రువ్వుట ఆచారమయ్యెను. సకలమునకు కారణము కలదని బోధించిన చోటనే కారణవిచారము మఱుగుపడినది!

ఇట్టి భ్రమ రైతు పొలమున ప్రవేశించినచో కలుగు నష్టము తీవ్రము. ఏపుగా పెరుగుచున్న చెరకుతోటలో ఆకులు పసుపువాఱి ఎండిపోవును. గడను నిలువుగా చీల్చి చూచిన, లోపల ఎఱ్ఱని కండ, దానిపై అడ్డముగా తెల్లని మచ్చలు కనబడును. పులిసిన వాసన వచ్చును. ఇదియే ఎఱ్ఱకుళ్లు తెగులు. ఏడాది కష్టము పోగొట్టుకొన్న రైతు అది పొరుగువాని దిష్టియని నమ్మెనేని, నిరపరాధితో వైరము కలుగును; మఱుసటి యేడు తెగులును మరలివచ్చును. ఏలయన, దాని కారణము ఒక శిలీంధ్రము. అది తెగులు సోకిన ముచ్చెల ద్వారా, పాఱు నీటి ద్వారా వ్యాపించును. అనకాపల్లిలో 1913లో స్థాపితమైన వ్యవసాయ పరిశోధనా స్థానము చెరకుపై పరిశోధనలు సాగించుచున్నది. ఆరోగ్యకరమైన తోటనుండి విత్తనపు ముచ్చెలు తీయుట, తెగులును తట్టుకొను రకములను నాటుట, తెగులు సోకిన పొలమున కార్శి చేయక వరి వేయుట మొదలగు ఉపాయములు కారణవిచారమువలన లభించినవే.

అట్లైన సమస్తమునకును కారణము కలదని నిశ్చయింపవచ్చునా? 20వ శతాబ్దపు భౌతికశాస్త్రము ఇచ్చట తొందర వలదని హెచ్చరించినది. రేడియము ముద్దలోని పరమాణువులలో సగము సుమారు 1600 సంవత్సరములలో విచ్ఛిన్నమగును. కాని వానిలో ఒకటి నేడే ఏల విచ్ఛిన్నమయ్యెనో, దాని ప్రక్కది ఏల నిలిచెనో తెలుపు కారణము కానరాలేదు. అట్టి కారణమే లేదని శాస్త్రజ్ఞులలో పెక్కుర మతము. ఐన్‌స్టీన్ మాత్రము దీనిని తుదివరకు అంగీకరింపలేదు. కావున ఈ ప్రశ్న మహామేధావులకును కఠినమైనదే.

ఇంకొక భేదమును గ్రహింపవలసియున్నది. కారణము వేఱు, ఉద్దేశము వేఱు. తెగులునకు కారణము కలదు; కాని రైతును శిక్షింపవలెనను ఉద్దేశము శిలీంధ్రమునకు లేదు. ఇది తెలిసినవాడు ఆపద వచ్చినపుడు తనను తాను నిందించుకొనడు. పరులపై నేరము మోపడు. “ఇది నాకే ఏల వచ్చెను?” అని కుములుటకు మాఱుగా “ఇది ఎట్లు వచ్చెను?” అని విచారించును. మొదటి ప్రశ్నకు సమాధానము దొరకకపోవచ్చును. రెండవ ప్రశ్న మఱుసటి పంటను కాపాడు మార్గమును చూపును.