చీము కారే చెవి – మగ్గం మోగే చెవి

చెవి, ముక్కు, గొంతు వేరువేరని అనుకుంటాం గానీ లోపలి తడిపొర ఒక్కటే. ముక్కులో మొదలైన ఆ పొర గొంతు వెనుకనుంచి యూస్టేషియన్ నాళం గుండా మధ్యచెవి దాకా పరచుకొని ఉంటుంది. పెద్దలలో ఈ నాళం సుమారు 36 మిల్లీమీటర్లు. పసిబిడ్డలలో దాదాపు సగమే, పైగా అడ్డంగా ఉంటుంది. అందుకే పడిశెం పట్టిన నాలుగు రోజులకే బిడ్డకు చెవిపోటు, చీము, ఆ ఒత్తిడికి కర్ణభేరికి చిల్లు. హిందూపురం, పెనుకొండ వైపు మా రైతుల ఇళ్లలో వెంటనే వెల్లుల్లి నూనె కాచి పోస్తారు. చిల్లుచెవిలో పోసిన నూనె నేరుగా మధ్యచెవిలోకే దిగుతుంది! చెవి తడవకుండా చూసి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. చిన్న చిల్లులు చాలావరకు వాటంతటవే పూడతాయి. పూడనివాటికి అతుకు వేసే ఆపరేషన్ ఉంది.

ధర్మవరం సంగతి వేరు. మరమగ్గాల షెడ్డులో పక్కవాడితో అరిచి మాట్లాడాలి. 85 డెసిబెల్స్‌కు మించిన మోత రోజూ 8 గంటలు, ఏళ్లతరబడి వింటే లోపలిచెవిలోని రోమకణాలు చస్తాయి. ఒక్కో చెవికి సుమారు 15,000. పోయినవి మళ్లీ మొలవవు. నొప్పి లేదు, చీము లేదు, కనుక ఎవరూ ఆస్పత్రికి పోరు. ముందు పోయేది సన్నని శబ్దాలే – పిట్ట కూత, చంటిపిల్లల మాట. చెవిలో పెట్టుకునే బిరడాలు చవకే. తోటివాళ్లు నవ్వుతారేమో, నవ్వనీ.