అతుకుల బొంత – ఒక పరిశీలన

పొంతన లేని దానిని నిందించవలసి వచ్చినప్పుడు మనవారు "అతుకుల బొంత" అంటారు. రాజకీయ కూటములను గురించిన వ్యాఖ్యలలోను, బలహీనమైన రచనలను గురించిన విమర్శలలోను ఈ మాట తరచుగా వినిపిస్తుంది. విన్నవారికి అర్థం వెంటనే తెలుస్తుంది గాని, బొంతకు జరిగిన అన్యాయం తట్టదు. తెలుగునాట ఎన్నో ఇండ్లలో భూమి మీద పడిన బిడ్డకు అందే తొలి కానుక బొంతయే. అమ్మమ్మో నానమ్మో, పెద్దమ్మో పిన్నమ్మో, ప్రసవానికి ముందే పాత చీరలు ఏరి, మడతలు పరచి, సూదీ దారమూ చేతబట్టి సిద్ధం చేసిన వస్తువు అది. నిందకు ఉపమానంగా మిగిలిపోయిన ఆ వస్తువులో ఎంత విద్య ఇమిడి వున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదాలు చెప్పే చరిత్ర

అప్పుడే పుట్టిన బిడ్డను చుట్టి పెట్టే మెత్తని గుడ్డలకు తెలుగులో "పొత్తిళ్ళు" అని పేరు. "పొత్తిళ్ళలోని బిడ్డ" అనగానే వయస్సు, లేతదనం, తల్లి ఒడి మూడూ ఒకేసారి స్ఫురిస్తాయి. బొంతతో సరితూగే సంస్కృత పదం "కంథ". అతుకులు వేసిన వస్త్రమని దాని అర్థం. వంగదేశపు "కాంథా" కుట్టు పేరులో ఆ పదమే వినిపిస్తుంది. "గంతకు తగిన బొంత" అని మనకొక సామెత కూడా వున్నది.

ఉర్దూలో బొంతను "గుదడీ" అంటారు. పేదరికంలో పుట్టి ప్రకాశించిన ప్రతిభావంతుని "గుదడీ కా లాల్" అనడం ఆ భాషలో ప్రసిద్ధమైన జాతీయం. మనం "మట్టిలో మాణిక్యం" అన్న చోట వారు "బొంతలో కెంపు" అంటారన్నమాట. "లాల్" అంటే కెంపు మాత్రమే కాదు, ముద్దుబిడ్డ అని కూడా అర్థం. ఈ జాతీయాన్ని తలచుకొన్నప్పుడు బొంతలో పడుకొన్న పసివాడు కళ్ళ ముందు నిలుస్తాడు.

సూఫీ సంప్రదాయంలో అతుకుల అంగీ నిరాడంబరతకు చిహ్నం. దానిని "మురఖ్ఖా" అన్నారు. పదకొండవ శతాబ్దపు హుజ్వీరీ తన "కష్ఫుల్ మహజూబ్" గ్రంథంలో అతుకుల వస్త్రధారణను గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే వ్రాశారు. చిత్రాలను, అందమైన చేతివ్రాత పుటలను కూర్చిన సంపుటానికి కూడా ఆ మాటే పేరయింది. 1928లో వెలువడిన గాలిబ్ కవితల సచిత్ర సంపుటం "మురఖ్ఖా-ఎ-చుగ్తాయీ" ఇందుకు ఉదాహరణ. ఒక భాషలో నిందావాచకమైన అతుకు మరొక చోట పూజ్యభావానికీ, కళకూ పేరు కావడం గమనింపదగినది.

ఈ కుట్టు మన ఒక్కరిది కాదు. బీహారులోని సుజనీ బొంతలు పాత చీరల పొరలతో పసిపాపల కోసమే మొదలైనవని చెప్తారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలు గల సిద్దీలు "కవంది" అనే బొంతలు కుడతారు. వారిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు మూడు మతాలవారూ వున్నారు. మతాలు వేరైనా బొంత ఒక్కటే. అంచుల నుండి మొదలుపెట్టి చుట్టూ కుట్టుకుంటూ నడిమికి చేరడం వారి పద్ధతి.

పాత గుడ్డయే ఎందుకు?

పుట్టిన బిడ్డకు మొదట పాత బట్టలే వాడాలన్నది మన పెద్దల మాట. లేమి వల్ల వచ్చిన అలవాటని కొందరు దీనిని చిన్నచూపు చూస్తారు. లేమి కూడా ఒక కారణం కావచ్చును గాని, అదొక్కటే కారణం కాదు. కొత్త నూలుబట్టలో గంజి వుంటుంది, రంగు వుంటుంది, నేతలోని బిరుసు వుంటుంది. పదుల సార్లు ఉతికిన చీరలో గంజి పోయి, విడవవలసిన రంగు విడిచి, నూలు మెత్తబడి, తడిని త్వరగా పీల్చుకొనే గుణం వస్తుంది. పసిచర్మానికి కావలసినవి ఇవే.

ఇక పొరల సంగతి. శిశువుకు బరువుతో పోల్చి చూస్తే చర్మపు విస్తీర్ణం ఎక్కువ. అందుచేత పెద్దవారికంటె వేగంగా ఒంటి వేడిని కోల్పోతుంది. ఒకే దళసరి గుడ్డకంటె మూడు నాలుగు పలుచని పొరలు వేడిని బాగా నిలుపుతాయి. పొరల మధ్య చిక్కుకొన్న గాలి వేడిని బయటికి పోనీయదు. ఈ సూత్రం పాఠ్యపుస్తకంలో చదువక ముందే మన అమ్మమ్మలు దానిని ఆచరణలో పెట్టారు.

కుట్టే విధానం

పసిబిడ్డ బొంతకు 90 సెంటీమీటర్ల పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు చాలును. ముందుగా గుడ్డను రెండు చేతులా పట్టి లాగి చూడాలి. చిరుగు వినిపించిన భాగాన్ని వదలివేయాలి. చీరలో కుచ్చిళ్ళ వద్దా, నేలకు రాసుకొనే అంచు వద్దా నూలు ముందుగా అరుగుతుంది. తడిపిన తెల్లగుడ్డతో రుద్ది రంగు అంటడం లేదని నిశ్చయించుకోవాలి. ఉతికి, గంజి పెట్టకుండా ఎండలో ఆరవేసి, ఇస్త్రీ చేసి, చదునైన నేల మీద పొరలను పరచాలి. నడిమి నుండి అంచులకు చేతితో సర్దుతూ ముడతలు తీసి, పెద్ద పెద్ద కచ్చా కుట్లతో పొరలు కదలకుండా బిగించాలి. అంచులు లోపలికి మడిచిన తరువాతనే అసలు కుట్టు మొదలు.

అసలు కుట్టు అతి సులభమైనది: సూది లోపలికి, సూది పైకి. అయితే ఒక చిన్న లెక్క చూడండి. 75 సెంటీమీటర్ల వెడల్పులో ఒకటిన్నర సెంటీమీటరుకు ఒక వరుస చొప్పున 50 వరుసలు వస్తాయి. ఒక్కొక్క వరుస 90 సెంటీమీటర్లు. మొత్తం 45 మీటర్ల కుట్టు. సెంటీమీటరుకు ఒక కుట్టు చొప్పున 4,500 సార్లు సూది దిగి పైకి రావాలి. "అతుకుల బొంత" అని తేలికగా అనే ముందు ఈ సంఖ్యను గుర్తు చేసుకోవలసి వున్నది.

టోపీ, దాని లెక్క

ఊలు అల్లిక బొంతకంటె ఎక్కువ గణితాన్ని కోరుతుంది. పుట్టినప్పుడు శిశువు తల చుట్టుకొలత సుమారు 34 సెంటీమీటర్లు. మూడు నెలలకు అది 40 సెంటీమీటర్ల దరిదాపులకు చేరుతుంది. పుట్టిన నాటి కొలతకు అల్లిన టోపీ, కానుక అందేసరికే బిగుతు కావచ్చును. కనుక కొంచెం ముందు వయస్సును దృష్టిలో పెట్టుకొని అల్లడం మేలు.

మొదట ఒక చిన్న నమూనా ముక్క అల్లి, 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు వచ్చినవో లెక్కించాలి. 22 వచ్చినవనుకొందాము. అల్లిక సాగుతుంది కనుక 40 సెంటీమీటర్ల తలకు 38 సెంటీమీటర్ల టోపీ సరిపోతుంది. 22ను 38తో గుణించి 10తో భాగిస్తే 83.6 వస్తుంది, దానిని 84గా తీసుకోవాలి. రెండు కుట్లు సూటిగా, రెండు కుట్లు తిరగవేసి అంచు అల్లేవారికి 84 నాలుగుతో నిశ్శేషంగా భాగింపబడడం ఒక సౌకర్యం. ఆ నమూనా ముక్కను అల్లడానికి బద్ధకించినవారు తరువాత టోపీ మొత్తాన్ని విప్పుకోవలసి వస్తుంది.

మన ఎండలకు ఊలు అన్ని కాలాలలోను తగదు. కోస్తాలోగాని తెలంగాణలోగాని సంవత్సరంలో అధికభాగం నూలు దారంతో అల్లినదే హాయి. నెలలు నిండక పుట్టిన శిశువుల విషయం మాత్రం వేరు. 1978–79 ప్రాంతంలో కొలంబియా రాజధాని బొగోటాలో డాక్టర్ ఎడ్గర్ రే, డాక్టర్ హెక్టర్ మార్టినెజ్ ప్రారంభించిన "కంగారూ" సంరక్షణలో, తల్లి గుండెలకు ఆనించి వుంచిన శిశువుకు టోపీ, మేజోళ్ళు తొడగడం ఒక భాగం. ఇటువంటి చోట చేతితో అల్లిన చిన్న టోపీ అలంకారం కాదు, అవసరం.

కానుక ఎవరి కోసం?

ఇక్కడ ఒక ముఖ్య విషయం చెప్పవలసి వున్నది. ఛట్టీ నాడు, చిల్లా నాడు కొన్ని కుటుంబాలలో తల్లి పుట్టింటివారు కుర్తా, టోపీ పంపుతారు. బారసాలకు బంధువులు బట్టలు తెస్తారు. చూచేవారి కన్నుల కోసం జరీ, అద్దాలు, పూసలు, చమ్కీలు కుట్టడం ఆనవాయితీ. బిడ్డకు వీటితో నిమిత్తం లేదు. పైగా ఊడిన పూస, బొత్తాము బిడ్డ నోటిలోనికి పోయి ఊపిరికి అడ్డుపడగలవు. మెడ వద్ద పొడవైన నాడాలు ప్రమాదం. మేజోళ్ళలో లోపల వ్రేలాడే దారపు పోగు లేత కాలివ్రేలికి చుట్టుకొని రక్తప్రసారాన్ని ఆపివేసిన సందర్భాలు వైద్యులకు తెలుసును. కనుక తొడిగే ముందు ప్రతిసారీ లోపలి వైపు తిరగవేసి చూడాలి. కుట్లు బయటి వైపునకు వచ్చేటట్లు తొడగడం లేతచర్మానికి మరింత మేలు. పని మొదలుపెట్టేటప్పుడు ఎన్ని సూదులు తీసినామో, ముగించినప్పుడు అన్నీ లెక్కకు రావాలి. ఒక్క సూది తగ్గినా అది దొరికేవరకు ఆ బొంత బిడ్డను చేరరాదు.

నిద్రను గురించి వైద్యశాస్త్రం నేడు స్పష్టంగా చెప్పుచున్నది. శిశువును గట్టిగా, చదునుగా వున్న పడక మీద వెల్లకిల పడుకోబెట్టాలి. ముఖం దగ్గర వదులైన దుప్పటిగాని, మెత్తని దిండుగాని, బొంతగాని వుండరాదు. నిద్రలో టోపీ కూడా తీసివేయడం మంచిది; తలను కప్పి వుంచితే శరీరం వేడెక్కుతుంది. నెలలు నిండని శిశువుల విషయంలో వైద్యుని మాటయే ప్రమాణం. కాబట్టి బొంతను ఒడిలో పెట్టుకొన్నప్పుడు, మెలకువగా వున్న బిడ్డను పెద్దల కళ్ళ ఎదుట నేల మీద పడుకోబెట్టి ఆడించేటప్పుడు వాడుకోవాలి. ప్రేమతో కుట్టిన వస్తువని జాగ్రత్త మానరాదు.

శ్రమకు విలువ

ఇంత లెక్క, ఇంత ఎరుక వున్న పనిని మనం "కాలక్షేపం" అంటున్నాము. ఈ పేరు ఎంత నష్టం చేస్తుందో నరసాపురం చెబుతుంది. పశ్చిమ గోదావరిలోని ఆ ప్రాంతపు స్త్రీలు క్రైస్తవ మిషనరీల ద్వారా పందొమ్మిదవ శతాబ్దంలో వచ్చిన లేసు అల్లికను నేర్చి, విదేశీ విపణికి సరుకు తయారు చేశారు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన గ్రంథంలో వారి స్థితిని వివరించారు. గృహిణులు తీరిక వేళలలో చేసే పనిగా దానిని లెక్కించినందువల్ల, దినమంతా అల్లినవారికి కూలిగా దక్కింది స్వల్పమని ఆమె చూపారు. సూది పట్టి బజారులో కూర్చొన్న పురుషుడు దర్జీ. ఆ సూదినే ఇంటిలో పట్టిన స్త్రీ తీరిక గలది! ఈ తేడా సూదిలో లేదు, మన చూపులో వున్నది.

పురుషునికి ఈ పని చిన్నతనమని భావించేవారికి ఒక మాట. దైవప్రవక్త (స) తమ వస్త్రాన్ని తామే కుట్టుకొనేవారనీ, చెప్పులను తామే బాగుచేసుకొనేవారనీ హజ్రత్ ఆయిషా (ర) తెలిపినట్లు హదీసులలో వున్నది. మొట్టమొదట వస్త్రాన్ని కుట్టినవారు హజ్రత్ ఇద్రీస్ (అ) అని మన సంప్రదాయం చెప్పుచున్నది.

రెండు భాషల విద్యార్థులు ఒకే కప్పు క్రింద చదివే మన కళాశాలకు ఈ పని మరొక విధంగా కూడా తగినది. కుట్టుపని మాటలనే చూడండి. సూది, కత్తెర సంస్కృత మూలాల నుండి వచ్చినవి. దర్జీ, అస్తరు, జేబు, రఫూ అరబ్బీ, పారసీల నుండి ఉర్దూ ద్వారా వచ్చినవి. బొత్తాము పోర్చుగీసువారు తెచ్చినది. కుట్టు, అల్లిక అచ్చ తెలుగు. వీటిలో దేనిని తీసివేసినా దర్జీ దుకాణంలో మాట సాగదు.

అందుచేత కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. వారానికి ఒక గంట, విద్యార్థినులకు మాత్రమే గాక విద్యార్థులకు కూడా, ఈ పని నేర్పే ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాను. ఖర్చు స్వల్పం: ఇండ్ల నుండి వచ్చే పాత చీరలు, సూదులు, దారం. నేర్పడానికి విద్యార్థుల అమ్మమ్మలు, నానమ్మలే వున్నారు. వారిని గౌరవంగా పిలిచి, గురుస్థానంలో కూర్చుండబెట్టాలి. తయారైన టోపీలను, బొంతలను, వైద్యులను ముందుగా అడిగి వారు సరేనన్న కొలతలలో, ప్రభుత్వ ఆసుపత్రి ప్రసూతి విభాగానికి అందజేయవచ్చును. మొదటి బొంతకు 4,500 కుట్లు. తరగతిలో ముప్పదిమంది వుంటే ఒక్కొక్కరి వంతు 150 మాత్రమే.