పాత పాటకు కొత్త ప్రచారం.. ఇదీ ఒక కొలువే!

2010 నవంబరులో వచ్చిన ‘ఆరెంజ్’ బాక్సాఫీసు దగ్గర నిలవలేదు. హ్యారిస్ జయరాజ్ పాటలు మాత్రం హాస్టల్ గదుల్లో, ఫోన్లలో మోగుతూనే ఉన్నాయి. 2023 మార్చిలో రామ్‌చరణ్ పుట్టినరోజుకు సినిమాను మళ్లీ విడుదల చేస్తే హాళ్లు నిండాయి. జనం సీట్లలోంచి లేచి పాటలతో గొంతు కలిపారు. ఎవరికి వారు తీసుకున్న ఆ వీడియోలే ఊరంతా తిరిగి సినిమాకు ప్రచారం చేసి పెట్టాయి.

మార్కెటింగ్‌లోకి రావాలనుకునే విద్యార్థి ఇక్కడ గమనించాల్సింది వయసు లెక్క. 2010లో ఇంటరో బీటెక్కో చదువుతున్నవాళ్లు 2023కల్లా ముప్పైకి అటూ ఇటూ ఉన్నారు. వారిలో ఎందరో మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో జీతం తీసుకుంటున్నారు. పదిహేను, ఇరవై ఏళ్ల ప్రాయంలో విన్న పాట మనిషిని అంత తేలిగ్గా వదలదు. ఆనాటి శ్రోత ఇవాళ ఎక్కడ కూర్చుని ఉన్నాడో కనిపెట్టడమే ఈ వృత్తిలో సగం పని.

రమణ గోగుల సంగతి చూడండి. పాప్ ఆల్బమ్‌తో మొదలుపెట్టి, 1998లో వెంకటేశ్ ‘ప్రేమంటే ఇదేరా’కు, మరుసటి ఏడాది ‘తమ్ముడు’కు సంగీతం ఇచ్చారు. తర్వాత చాలా ఏళ్లు పాటకు దూరంగా ఉన్నారు. 2025 సంక్రాంతికి వచ్చిన ‘సంక్రాంతికి వస్తున్నాం’లో భీమ్స్ సంగీతంలో ‘గోదారి గట్టు’ పాడేసరికి, సినిమా రాకముందే ఆ పాట ఇంటింటా మోగింది. హీరో మళ్లీ వెంకటేశే. అప్పటి కాలేజీ కుర్రాళ్లు ఇప్పుడు పిల్లలతో పండక్కి హాలుకు వెళ్లే తల్లిదండ్రులు. ఆ గొంతును ఎంచుకోవడమే గొప్ప ప్రచారమైందని నా అభిప్రాయం.

అలాంటి శ్రోతను వెతకడానికి విద్యార్థికీ ఒక దారి ఉంది. తక్కువ ఖర్చుతో, జనం ఊహించని చోట పలకరించడాన్ని గెరిల్లా మార్కెటింగ్ అంటారు. జే కాన్రాడ్ లెవిన్సన్ 1984లో రాసిన పుస్తకంతో ఈ మాట వాడుకలోకి వచ్చింది. హైటెక్ సిటీలో దీన్ని సాధన చేయడానికి పెట్టుబడి అక్కర్లేదు. ఉదయం రాయదుర్గం మెట్రో దగ్గర ఎవరూ ఆగరు, అందరికీ లాగిన్ టైమ్ తొందర. సాయంత్రం టీ కొట్టు దగ్గర మాత్రం నలుగురూ నిలబడతారు. అక్కడ వాళ్లకు పాత అలవాటొకటి గుర్తుచేయండి. ఒకప్పుడు ఇష్టమైన పాటల పేర్లు చీటీ మీద రాసి రికార్డింగ్ షాపులో ఇస్తే క్యాసెట్ నింపి ఇచ్చేవారు. కొట్టు యజమానిని అడిగి, ఒక అట్టపెట్టె, చీటీలు, పెన్ను పెట్టండి. ‘మీ క్యాసెట్‌లో మొదటి అయిదు పాటలు రాయండి’ అని బోర్డు తగిలించండి. పక్కనే వయసు రాయమనండి, పేరూ ఫోన్ నంబరూ వద్దు. వారం తిరిగేసరికి ఏ వయసువారికి ఏ పాట ప్రాణమో మీ చేతిలో ఉంటుంది. ఇంటర్వ్యూలో ఆ చీటీల విశ్లేషణ చూపిస్తే, ఏ సర్టిఫికెట్ కన్నా బరువుగా ఉంటుంది.

మెట్రో పిల్లర్లకు, గోడలకు పోస్టర్లు అంటించొద్దు, జరిమానా పడుతుంది. ఐటీ కంపెనీల క్యాంపస్ లోపల ఏం చేయాలన్నా అక్కడి అడ్మిన్ విభాగం అనుమతి కావాలి.

పాటల హక్కులు తెలియకుండా ఈ రంగంలోకి దిగకండి. 2017లో గాయకుడు ఎస్పీ బాలుగారి అమెరికా కచేరీల సమయంలో, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా నోటీసు పంపారు. అంతటివారి మధ్యే ఆ పేచీ వచ్చింది. రికార్డింగ్ హక్కు ఆడియో కంపెనీది కావచ్చు, బాణీ, సాహిత్యాలకు వేరే హక్కులుంటాయి. 2012 కాపీరైట్ సవరణ రచయితల, స్వరకర్తల రాయల్టీకి రక్షణ ఇచ్చింది. దాన్నీ, ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ (ఐపీఆర్‌ఎస్) లైసెన్సుల పద్ధతినీ చదివినవారికి ఆడియో కంపెనీల్లో, ఈవెంట్ సంస్థల్లో విలువ ఉంటుంది. పాత పాటలను యాప్‌లలో ఎక్కించేటప్పుడు గాయకుడి, రచయిత పేర్లు తప్పులు లేకుండా రాయడం, షార్ట్ వీడియోకు సరైన ముక్క కోయడం కూడా కొలువులే. తప్పుల్లేని తెలుగు టైపింగ్ రావాలి.

గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎంఏ కమ్యూనికేషన్ ఉంది, సీయూఈటీ-పీజీ పరీక్ష ద్వారా ప్రవేశం. అక్కడి కమ్యూనిటీ రేడియో ‘బోల్ హైదరాబాద్’ 90.4 ఎఫ్‌ఎంలో వినిపిస్తుంది. కోర్సులో చేరేదాకా ఆగకండి. ఈ శనివారం ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల అయిదు పాటలు అడిగి రాసుకోండి. మొదటి చీటీ అదే.